మంగళవారం నీటివంతు

మా కరూలో జనవరి అంటే నడివేసవి.
మధ్యాహ్నం ఇంటి రేకులు టప్‌మని సాగుతాయి,
రాత్రి టిక్‌మని ముడుచుకుంటాయి.
నాలుగేళ్ళుగా మా కప్పు మీద వినపడ్డవి
ఆ రెండు చప్పుళ్ళే.
కేప్ టౌన్ లారీలు మావైపు చూడకుండా పోతాయి.

వీధి కాలవలో నీళ్ళు వంతులవారీగా వచ్చేవి.
మాది మంగళవారం, పొద్దున ఆరున్నర నుంచి
నలభై నిమిషాలు.
తర్వాత ఇరవై అయ్యాయి. తర్వాత పది.
తర్వాత మంగళవారం ఒక్కటే మిగిలింది.

అయినా ఆ పూట లేచేదాన్ని.
తూము పలక పైకెత్తి తొంగిచూసేదాన్ని:
ఎండుటాకులు, ఒక సీసా మూత,
తోక తెగిన బల్లి.

మా ఇంట్లో నీళ్ళు ముసలివయ్యేదాకా బతికేవి.
బీన్స్ కడిగేటప్పుడు పసివి,
బట్టలు జాడించేటప్పుడు నడివయసువి,
చివరికి తెల్లబడి, సబ్బు వాసనతో,
నిమ్మచెట్టు మొదట్లో కన్నుమూసేవి.
గులాబీలకి ముందే చెప్పేశాను, మీకు లేవని.
దానిమ్మ అసలు అడగలేదు.
అంజూర చెట్టు ఆకులన్నీ రాల్చేసింది,
అప్పులవాడి ముందు జేబులు తిరగేసి చూపించినట్టు.

పక్క తోట అపోలిస్ ముసలాయనతో మాటలు పోయాయి.
ఒక మంగళవారం నా పది నిమిషాల్లో ఆరు
ఆయన గుమ్మడి పాదుల్లోకి మళ్ళాయి.
"కప్ప గట్టు తవ్వింది" అన్నాడు.
"ఈ వీధిలో కప్ప చచ్చి ఏడాదైంది" అన్నాను.
అంతే. రెండేళ్ళు.

నిన్న రాత్రి స్వార్ట్‌బర్గ్ కొండల నుంచి
ముందు వాసన వచ్చింది,
తడిసిన తుప్పల వాసన, కర్పూరంలో చేదు కలిపినట్టు.
మనవడు రీవాల్డో దుప్పటి తన్నేసి లేచి కూచున్నాడు.
వాడి వయసూ కరువు వయసూ ఒకటే.
"అవ్వా, ఎవరో రేకుల మీద బఠానీలు పోస్తున్నారు."
నేను పలకలేదు, పలికితే ఆగిపోతుందేమోనని.
కాసేపటికి, పలికినా వినపడేది కాదు.

పొద్దున చెప్పుల్లేకుండా తోటలోకి వెళ్ళాను.
మట్టి నా కాలివేళ్ళ సందుల్లోంచి పైకొచ్చింది.
దానిమ్మ పూలు సగం నేలపాలు. పోనీ.
చచ్చిందనుకున్న పుదీనా
పగిలిన తొట్టి కింద మూడాకులు దాచుకుని ఉంది.
ద్రాక్షతీగ ఇంకా కారుతోంది, ఆకు నుంచి ఆకుకి,
ఊళ్ళో కబురు పాకినట్టు.
టమాటాలు ఒక్క రాత్రిలో అంత తాగి, పగిలిపోయాయి.
పగిలినవి పగిలినట్టే కోసి
నిలబడే తిన్నాం, ఉప్పు కూడా లేకుండా.

ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఒక తాబేలు
మెడ చాపి, ముక్కు నీటిగుంటలో ముంచి
తాగుతోంది, తాగుతోంది.
రీవాల్డో గుటకలు లెక్కపెడుతూ
వచ్చిన అంకెలన్నీ అయిపోయి
మళ్ళీ ఒకటి నుంచి ఎత్తుకున్నాడు.

అప్పుడు గుమ్మడి పాదుల్లోంచి బెకబెక.
వెంటనే కంచె అవతల ఒక గొంతు,
రెండేళ్ళ తుప్పు రాల్చుకుంటూ:
"ఫ్రాన్సీనా! విన్నావా? చెప్పానా లేదా?"
"అది ఆ కప్ప కాదు" అన్నాను.
"దాని మనవడు" అన్నాడు.
పగిలిన టమాటాలు ఐదు కంచె మీంచి అందించాను.
లెక్కపెట్టకుండా తీసుకున్నాడు.

అలవాటు చావక రాత్రే బయట పెట్టినట్టున్నాను,
బకెట్లన్నీ మెట్ల మీద నిండి, అంచులు దాటి ఉన్నాయి.
నిమ్మకి అక్కర్లేదు. టమాటాలకి అసలే వద్దు.
ఒకటి ఎత్తుకుని, ఎటు పొయ్యాలో తెలీక
తోటంతా తిరిగాను, చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు.
తర్వాత, పట్టపగలు, కట్టుబట్టలతోనే
నా నెత్తిన గుమ్మరించుకున్నాను.

"అవ్వా, నీళ్ళు వృథా!" అని అరిచాడు రీవాల్డో.
వాడికా మాట నేర్పింది నేనే.
"అవును" అన్నాను,
రెండో బకెట్ అందుకుంటూ,
"ఇటు రా."